గడ్డకట్టిన క్రియాటిన్ పొడిని వాడవచ్చా? దానిని ఎలా నిల్వ చేయాలి?

ప్రశ్న

నేను కండరాల బలం కోసం రోజుకు 5 గ్రాముల చొప్పున క్రియాటిన్ మోనోహైడ్రేట్ అనే పోషక పొడిని తీసుకుంటున్నాను. 200 రోజులకు సరిపోతుందన్న లెక్కతో కిలో డబ్బా కొని, ఎదురుగా ఉంటే మరిచిపోనన్న ఉద్దేశంతో వంటగదిలో పొయ్యి పక్కనున్న అరలో పెట్టాను. మధ్యలో రెండు నెలలు వ్యాయామం ఆగిపోవడంతో డబ్బా జోలికి పోలేదు. ఇప్పుడు మూత తీసి చూస్తే పొడి అంచుల వెంట గట్టిపడి, మధ్యలో ఉండలు కట్టి ఉంది. రంగు మారలేదు, చెడు వాసన కూడా లేదు. లోపల ఉన్న సిలికా జెల్ పొట్లాన్ని మొదటి రోజే అనవసరమనుకుని పారవేసిన మాట నిజమే. ఈ పొడి చెడిపోయినట్లేనా? మిగిలిన దానిని ఫ్రిజ్‌లోకి మారిస్తే మేలా? మరొక సందేహం కూడా ఉంది: ఉదయాన్నే సీసాలో నీళ్లు, నిమ్మరసం, క్రియాటిన్ కలిపి పెట్టుకుని సాయంత్రం వరకు కొద్దికొద్దిగా తాగుతుంటాను. ఈ పద్ధతిలో తప్పేమైనా ఉందా?

మొదటి సమాధానం

పొడిగా ఉన్న క్రియాటిన్‌ను, నీళ్లలో కరిగిన క్రియాటిన్‌ను నిల్వ విషయంలో రెండు వేర్వేరు పదార్థాలుగా చూడాలి. మొదటిది మొండిది, రెండవది సున్నితమైనది. అందువల్ల మీ సందేహాలకు విడివిడిగా జవాబు చెబుతాను.

క్రియాటిన్ చెడిపోవడమంటే ముఖ్యంగా అది క్రియాటినిన్‌గా మారిపోవడమే. క్రియాటిన్ అణువు తనలోంచి ఒక నీటి అణువును వదులుకుని, వలయంలా ముడుచుకున్నప్పుడు క్రియాటినిన్ ఏర్పడుతుంది. దానివల్ల కండరానికి ఒరిగేదేమీ ఉండదు. పొడి స్ఫటికంలో అణువులు బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఈ ముడుచుకోవడం దాదాపు జరగదు. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడేళ్లకు పైగా ఉంచినా చెప్పుకోదగ్గ మార్పు రాలేదని, 60 డిగ్రీల వద్ద కూడా అన్నేళ్ల తరువాత అతి స్వల్పంగా మాత్రమే క్రియాటినిన్ కనిపించిందని నిల్వ పరీక్షలు చెబుతున్నాయి. అంటే పొయ్యి పక్కన పెట్టినందువల్ల వేడికి మీ పొడి పాడైపోయిందని బెంగపడనక్కరలేదు. అక్కడ అసలు ఇబ్బంది ఆవిరి. మరుగుతున్న గిన్నె పక్కన మూత తీసిన ప్రతిసారీ తేమ గాలి డబ్బాలోకి చేరుతుంది, పొట్లం లేనందున దానిని పీల్చుకునేది మరొకటి ఉండదు.

మోనోహైడ్రేట్‌లో ప్రతి క్రియాటిన్ అణువుకు తోడుగా ఒక నీటి అణువు సహజంగానే ఉంటుంది. బరువులో అది సుమారు 12 శాతం. ఆ నీరు స్ఫటికంలో భాగం కనుక దానివల్ల ఉండలు కట్టవు. బయటి నుంచి వచ్చిన తేమ రేణువుల పైపొరను రవ్వంత కరిగించి, తిరిగి ఆరినప్పుడు పక్కపక్క రేణువులను అతికిస్తుంది. మీరు చూసిన ఉండలు ఇలా అతుక్కున్నవే, వాటిలో ఉన్నది దాదాపుగా క్రియాటినే. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలి, తెల్లగా, వాసన లేకుండా ఉంటే నిస్సంకోచంగా వాడుకోండి. ముద్దలా తడిగా తగిలినా, పసుపు లేదా గోధుమ రంగు తిరిగినా, ఘాటైన లేదా ముక్క వాసన వచ్చినా పారవేయండి. తడి చేరిన చోట సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి కనుక అప్పుడు పొదుపు చూసుకోవడం మంచిది కాదు.

ఇక సీసా సంగతి. నీళ్లలో కరిగిన తరువాత క్రియాటిన్ ఎంత వేగంగా మారుతుందన్నది పులుపును బట్టి ఉంటుంది. 25 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచిన ద్రావణాలలో పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 ఉన్నప్పుడు సుమారు 4 శాతం, 4.5 ఉన్నప్పుడు 12 శాతం, 3.5 ఉన్నప్పుడు 21 శాతం క్రియాటిన్ తరిగిపోయినట్లు తేలింది. పులుపు లేని నీటిలో ఈ నష్టం చాలా తక్కువ. నిమ్మరసం కలిపిన నీరు ఈ పట్టికలో చివరి వైపుకే వస్తుంది. అయినా మీరు తాగేది మూడు రోజుల తరువాత కాదు, అదే సాయంత్రం. కాబట్టి తరిగేది కొద్దిగానే ఉంటుంది. అలవాటు మార్చుకోనక్కరలేదు గానీ, రేపటికి, ఎల్లుండికి కూడా కలిపి పెట్టుకునే ఆలోచన మాత్రం వద్దు. ఇంత పులుపుకే చెడేది కడుపులోని ఆమ్లానికి తట్టుకుంటుందా అని చాలామంది అడుగుతారు. పీహెచ్ 2.5 కన్నా దిగువకు వెళ్లినప్పుడు అణువు ముడుచుకోలేని స్థితికి చేరుతుంది కాబట్టి, విచిత్రంగా, అక్కడ మార్పు మళ్లీ నెమ్మదిస్తుంది.

రెండవ సమాధానం

ఫ్రిజ్ గురించి నా అనుభవం చెబుతాను. వేసవిలో భయపడి డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి, ప్రతి ఉదయం బయటకు తీసి, తెరిచి, ఒక స్కూపు వేసుకుని మళ్లీ లోపల పెట్టేదాన్ని. చల్లని డబ్బాను తెరవగానే గదిలోని తేమ పొడి మీద, గోడల మీద చెమ్మగా పేరుకుంటుందన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నెల తిరగకముందే స్కూపు దిగనంతగా పొడి రాయిలా బిగిసింది. దానికి తోడు షేకర్ కడిగిన తడి చేతితోనే స్కూపు పట్టుకునే అలవాటు ఒకటి. ఇప్పుడు డబ్బాను పడకగది అల్మారాలో ఉంచుతున్నాను. స్నానాల గది పక్కన మాత్రం పెట్టకండి. కిలో డబ్బా కొన్నప్పుడు రెండు వారాలకు సరిపడా చిన్న గాజు సీసాలోకి తీసుకుని, మిగిలిన దాని మూత బిగించేస్తాను. రోజూ తెరిచేది చిన్న సీసానే కనుక పెద్ద డబ్బాలోకి గాలి చేరే అవకాశం తగ్గిపోతుంది. ఇంత జాగ్రత్త అవసరమా అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు గానీ, అప్పటి నుంచి ఒక్క ఉండ కూడా కట్టలేదు.

గట్టిపడిన పొడిని ఎండలో ఆరబెట్టి దంచుకోవచ్చని కొందరు అంటారు, నేనూ ఒకసారి ప్రయత్నించాను. దుమ్ము కలవడం తప్ప ప్రయోజనం కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉండలు చేత్తో నలిపితే రాలిపోతున్నాయి కాబట్టి పొడిని ఉంచుకుంటున్నాను. సీసా అడుగున ప్రతి సాయంత్రం తెల్లని మడ్డి మిగులుతోంది. అది క్రియాటినిన్ అనుకోవచ్చా? డబ్బా మీది గడువు తేదీ మరో నాలుగు నెలల్లో ముగుస్తుంది, అప్పటికి పొడి మిగిలితే ఏం చేయాలో కూడా చెప్పగలరు.

మూడవ సమాధానం

అది క్రియాటినిన్ కాదు, కరగకుండా మిగిలిన క్రియాటినే. క్రియాటినిన్ నీళ్లలో ఇంతకన్నా తేలికగా కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 14 గ్రాముల క్రియాటిన్ మాత్రమే కరుగుతుంది, అంటే 5 గ్రాములకు 350 మిల్లీలీటర్లకు పైగా నీరు కావాలి. 4 డిగ్రీల చల్లని నీటిలోనైతే లీటరుకు 6 గ్రాములే. మీరు చల్లని నీళ్లు వాడుతుంటే నిమ్మరసం వల్ల పోయేదానికన్నా ఆ మడ్డితో పాటు సింకులో పారబోసేదే ఎక్కువ కావచ్చు. సీసాలో మళ్లీ కొద్దిగా నీళ్లు పోసి, కుదిపి, తాగేయండి.

గడువు తేదీ దాటిన మరునాడే పొడి పనికిరాకుండా పోదు. సాధారణంగా తయారీ నుంచి రెండు మూడేళ్లకు వేసే ఆ తేదీ వరకే తయారీదారు పూచీ ఉంటుంది. పొడి మోనోహైడ్రేట్ తడి తగలకుండా ఉంటే ఆ తరువాత కూడా కొన్ని నెలలు వాడుకోవడానికి నేను వెనకాడను. ఈ ధీమా పొడి మోనోహైడ్రేట్‌కే వర్తిస్తుంది. సిట్రిక్ ఆమ్లం, బీటైన్ వంటివి కలిపిన వ్యాయామపూర్వ మిశ్రమాలు తేమను త్వరగా లాక్కుంటాయి. నమిలే గమ్మీలలో తయారీ నాటి నుంచే నీరు, చాలాసార్లు పులుపు కూడా ఉంటాయి. ముందే కలిపి అమ్మే ద్రవాల సంగతి పై లెక్కలే చెబుతున్నాయి. వాటికి మాత్రం తేదీని కచ్చితంగా పాటించండి.

మొదటి సమాధానం రాసినవారు

ఒక చిన్న చేర్పు. ఉండలు కట్టిన పొడిని స్కూపుతో కొలిస్తే మధ్యలో ఖాళీలు మిగిలి తక్కువ పడవచ్చు, గట్టిగా అదిమితే ఎక్కువ రావచ్చు. ఈ డబ్బా పూర్తయ్యేవరకు చిన్న తూకంతో 5 గ్రాములు తూచుకోండి. పారవేసిన పొట్లానికి బదులు ఆహారానికి వాడదగిన కొత్త సిలికా జెల్ పొట్లం వేయండి. అయితే అది చిరిగి పూసలు పొడిలో కలవకుండా, స్కూపు దానికి తగలకుండా గోడ పక్కకు నిలబెట్టండి.