పది నిమిషాలు కూడా చదువు మీద మనసు నిలవట్లేదు

ప్రశ్న: పుస్తకం తెరిచిన కాసేపటికే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. టైమర్ పెట్టినా అంతే. రోజూ పాటించగల చిన్న అలవాట్లేమైనా చెప్పండి.

జవాబు: టైమర్ ఫోన్‌లోనే ఉందా? తంటా అక్కడే. మోగినప్పుడు ఆపబోతే నోటిఫికేషన్లు కళ్లబడతాయి. ఫోన్ పక్క గదిలో పెట్టి, మామూలు అలారం గడియారం వాడండి. మొదట 15 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. నిలదొక్కుకున్నాక 20, తర్వాత 25. విరామంలో రీల్స్ మాత్రం వద్దు, లేచి నడవండి.

జవాబు: పక్కన చిత్తు కాగితం ఉంచుకోండి. ‘బిల్లు కట్టాలి’ లాంటిది గుర్తొస్తే రెండు ముక్కలు రాసి మళ్లీ పుస్తకంలోకి. రాయకపోతే బుర్రలో తిరుగుతూనే ఉంటుంది.

జవాబు: నిద్ర సంగతి ఎవరూ ఎత్తరేం? పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. సాయంత్రం కాఫీ మానేయండి.