సినిమాకి దెబ్బతినే మనోభావాలు ఓట్ల దగ్గర ఎందుకు దెబ్బతినవు?

ప్రశ్న అడిగినవారు: రెండో ఆట

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవ ఇది, కాస్త ఓపిగ్గా వినండి. ఆ మధ్య టీవీలో ఒక పౌరాణిక సినిమా వేస్తే చూసి నాలుగు లైన్లు రాశాను. దేవుడి వేషం వేసినాయన మొహంలో కళ లేదు, గ్రాఫిక్స్ పిల్లల వీడియో గేమ్‌లా ఉన్నాయి అని, అంతే. పది నిమిషాల్లో మా బాబాయి ఫోన్. "నీకు దేవుడంటే కూడా వేళాకోళమేనట్రా? గ్రూపులో పెద్దవాళ్ళున్నారని తెలీదూ?" అని మొదలెట్టాడు. నేనన్నది దేవుణ్ణి కాదు బాబాయ్, ఆ వేషం కట్టినాయన్ని అంటే వినడే. పిన్ని చేత కూడా చెప్పించాడు. ఇంట్లో రచ్చ ఎందుకని డిలీట్ చేసేశాను.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. 2024 ఎన్నికలప్పుడు అదే బాబాయి అదే గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ఆయనకి ఇష్టమైన అభ్యర్థి, ఒంటికి నీలం రంగు, నెత్తిన నెమలి పింఛం, చూపుడు వేలు మీద గిర్రున తిరుగుతున్న చక్రం, ఆ చక్రం మధ్యలో పార్టీ గుర్తు. మీసం మాత్రం ఆయనదే, అది తియ్యలేదు. దానికి మా చుట్టాలు ఇరవై మంది దణ్ణాలు పెట్టారు. అప్పుడు నోరు మూసుకున్నాను గానీ ఆ సంగతి లోపల అలాగే ఉండిపోయింది.

ఇంతకీ నా సందేహం ఏంటంటే, మనోభావాలు దెబ్బతిన్నాయని సినిమా ఆపించే హక్కు చట్టంలో ఉందా? దేవుడి పేరుతో ఓట్లడిగితే తప్పంటారు, దానికి ఇప్పటిదాకా ఎవరికైనా ఏమైనా అయిందా? బాబాయికి సమాధానం చెప్పాలి. బూతులు వద్దు, తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకోటు

రెండో ప్రశ్న ముందు చెప్తా, ఎందుకంటే చాలామంది ఏమీ అవదనే అనుకుంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 123(3) ఉంది, మతం, కులం, భాష పేరుతో ఓటడగడం అవినీతి చర్య. 1987లో ముంబై విలే పార్లే ఉప ఎన్నికలో రమేశ్ ప్రభు గెలుపుని దీని కిందే హైకోర్టు కొట్టేసింది, 1995లో సుప్రీంకోర్టు సరే అంది. ఆయన తరఫున ప్రసంగాలు చేసిన శివసేన అధినేత బాల్ ఠాక్రేకి ఆరేళ్ళు ఓటు హక్కు పోయింది. కాబట్టి ఎవరికీ ఏమీ అవలేదు అనడానికి లేదు. కానీ ఇలాంటివి అరుదు.

ఎందుకు అరుదో కూడా చూడండి. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వెయ్యాలి. ఆ మాట అభ్యర్థి గానీ ఆయన ఏజెంటు గానీ, లేదా వాళ్ళ అనుమతితో ఇంకొకరు గానీ అన్నారని క్రిమినల్ కేసులో నేరం రుజువు చేసినంత గట్టిగా రుజువు చెయ్యాలి. మీ బాబాయి ఫార్వర్డ్ చేసిన చక్రం వీడియో ఎవరు చేయించారో ముందు అది తేల్చాలి. 1990లో ముంబై సాంతాక్రజ్ నుంచి గెలిచిన అభిరామ్ సింగ్ కేసులో సెక్షన్‌కి అర్థం ఏంటో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసరికి 2017 జనవరి వచ్చింది, అదీ 4-3 మెజారిటీతో. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే అన్నారు. ఈలోపు ఎన్ని ఎలక్షన్లు అయిపోయాయో మీరే లెక్కేసుకోండి.

ఇక సినిమా. రాజ్యాంగం 19(2)లో మాట మీద ఆంక్షలకి కారణాలు రాసి పెట్టారు: దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం, ఇలా. అందులో 'మనోభావాలు' అన్న ముక్క లేదు. పాత ఐపీసీ 295ఎ, ఇప్పుడు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 299, ఉన్నది ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో ఒక మతాన్ని అవమానిస్తే వాడటానికి. అనుకోకుండా జరిగిన అవమానానికీ, అజాగ్రత్తగా అన్న మాటకీ ఇది వర్తించదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. "ఆయన మొహంలో కళ లేదు" అన్నందుకు మీ మీద కేసు పెట్టాలంటే పెట్టగలరు, అది నిలవదు. కాకపోతే నిలవదని తేలేదాకా తిరిగేది మీరు.

ప్రింటు బాక్సు

లాయరు గారు చెప్పింది కోర్టు మాట. నేను పన్నెండేళ్ళు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో చేశాను, అక్కడ చట్టం దాకా ఎవరూ వెళ్ళరండీ. గురువారం సాయంత్రం ఫోన్ వస్తుంది, ఫలానా సంఘం వాళ్ళు థియేటర్ ముందు కూర్చుంటామంటున్నారని. శుక్రవారం పొద్దున ఆట. నిర్మాత నెత్తిన ఫైనాన్స్ వడ్డీ. ఆ రాత్రి ఆయనకి వాక్‌స్వాతంత్ర్యం గుర్తొస్తుందా, ఓపెనింగ్స్ గుర్తొస్తాయా? నేను చేరిన కొత్తలో ఒక సినిమాకి రిలీజ్ ముందు రోజు ఒక మాట మార్చాల్సి వస్తే, రాత్రి రెండింటి దాకా మేం నలుగురం నిచ్చెనేసుకుని ఫ్లెక్సీల మీద తెల్ల కాగితం ముక్కలు అంటించాం. మైదా జిగురు చేతులకి అంటుకుని పొద్దున కాఫీ గ్లాసు కూడా వదల్లేదు. ఎవరి ఆర్డరు మీద? ఎవరిదీ లేదు.

పేరున్న వాటిలోనూ అంతే. 2019లో 'వాల్మీకి' సినిమా విడుదలకి ముందు రోజు 'గద్దలకొండ గణేష్' అయింది. 2017లో 'దువ్వాడ జగన్నాథమ్' పాటలో నమకం, చమకం (శివుడి రుద్రంలోని భాగాలు) అన్న మాటలు తీసేశారు. అభ్యంతరం సబబా కాదా అనేది వేరే సంగతి, నేను దాని జోలికి పోను. జడిసిన చోట తీర్పులు పనికిరావు అంటున్నాను. ధర్నాలు చేస్తామని బెదిరించారని సినిమా ఆపడానికి వీల్లేదు, గొడవ జరక్కుండా చూడటం ప్రభుత్వం పని అని 1989లో రంగరాజన్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని థియేటర్ అద్దాలు కాపాడుకోలేం కదా. పైగా సెన్సార్ బోర్డు మీద అప్పీలుకి ఒక ట్రిబ్యునల్ ఉండేది, 2021లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టుకే పోవాలి. చిన్న నిర్మాత పోడు, పోలేడు.

ఎలక్షన్ల టైంలో ఇంకో తమాషా. 2019లో 'లక్ష్మీస్ ఎన్టీఆర్' తెలంగాణలో మార్చి 29న వచ్చింది, ఏపీలో హైకోర్టు ఆపింది. మాది జగ్గయ్యపేట. బండేసుకుని తెలంగాణలో ఉన్న కోదాడ పోయి చూసొచ్చాం. అటు పోయినప్పుడు మా ఓటు పాడవలేదు గానీ ఇటు చూస్తే పాడవుతుందట!

సుప్రభాతం

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను వేరే మాట చెప్తాను. నేను భక్తుణ్ణే, రోజూ గుడికి వెళ్తాను. 2023లో 'ఆదిపురుష్' చూసి నిజంగానే బాధపడ్డాను, హనుమంతుడి నోట ఆ మాటలా అని. కానీ ఏ థియేటర్ మీదా రాయి వెయ్యలేదు, ఏ స్టేషన్‌కీ వెళ్ళలేదు. నచ్చలేదని చెప్పాను, నాలాంటి వాళ్ళు దేశమంతా చెప్పారు, కొద్దిరోజుల్లో వాళ్ళే డైలాగులు మార్చారు. దీన్ని కూడా భయం ఖాతాలోనే రాస్తారా? సినిమా తియ్యడం మీ స్వేచ్ఛ అయితే అది దరిద్రంగా ఉందనడం నా స్వేచ్ఛ. మనోభావం అనగానే వెటకారం చెయ్యకండి, అందరివీ రౌడీ మనోభావాలు కావు.

ఇంకోటి. కృష్ణుడి వేషం చూసి జనం ఓట్లు గుద్దేస్తారు అన్నట్టు మాట్లాడుతున్నారు, అది మనల్ని మనమే తక్కువ చేసుకోవడం. ఎన్టీ రామారావు గారు 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. రాముడూ కృష్ణుడూ ఆయన మొహమే, మా అమ్మమ్మ క్యాలెండర్ ముందు దీపం పెట్టేది, కాదనను. కానీ కిలో రెండు రూపాయల బియ్యం ఏమైంది? ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ నుంచి మార్చేస్తుంటే జనానికి పుట్టిన కడుపుమంట ఏమైంది? ఉత్త గ్లామరే అయితే 2009లో చిరంజీవి గారి పార్టీకి 294లో 18 సీట్లే ఎందుకొచ్చాయి?

మీ బాబాయిది మాత్రం రెండు నాలుకల ధోరణే. ఆ వీడియో చూసి నాకైతే ఒళ్ళు మండేది. దేవుడి వేలి మీద పార్టీ గుర్తు తిప్పడం కంటే అపచారం ఏముంది?

పకోడీ పొట్లం

అన్నా, దేవుడి సినిమా మీద రాస్తే ఒక్క బాబాయి ఫోన్ చేశాడు, అదృష్టవంతుడివి. నేను ఒక హీరో సినిమా సెకండాఫ్ బోర్ అని రాసినందుకు మూడు రోజులు నోటిఫికేషన్లు ఆఫ్ చేసుకుని కూర్చున్నా. ప్రొఫైల్ ఫొటోలో మా చెల్లి ఉంది, ఆ పిల్లని కూడా వదల్లేదు. ఆ మనోభావాలకి ఏ సెక్షనో లాయరు గారు చెప్పాలి.

2024 సెప్టెంబర్‌లో తిరుపతి లడ్డూ గొడవ నడుస్తుంటే తమిళ హీరో కార్తీ ఏం చేశాడు? హైదరాబాద్ ఫంక్షన్‌లో యాంకర్ లడ్డూ మీమ్ చూపిస్తే, అది సెన్సిటివ్ విషయం, వద్దులెండి అని నవ్వాడు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తప్పుపట్టారు, వెంటనే సారీ చెప్పాడు. మాట్లాడితే తప్పని తెలుసు, మాట్లాడను అన్నా తప్పేనని అప్పుడే తెలిసింది.

రెండో ఆట

అందరికీ థాంక్స్. సుప్రభాతం గారూ, మీ మాట గుచ్చుకుంది, బాబాయి బాధపడి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు. ఆయన వీడియోకి నేను దెబ్బతిన్నట్టే నా పోస్టుకి ఆయన దెబ్బతిన్నాడేమో. కానీ నేను డిలీట్ చేయించలేదుగా, అదొక్కటే తేడా.

నల్లకోటు గారు చెప్పిన 123(3) సంగతి తెలుగులో రాసి నిన్న రాత్రి బాబాయికి విడిగా పంపాను, గ్రూపులో పెట్టలేదు. బ్లూ టిక్కులు పడ్డాయి. పదకొండింటికి ఒకటే లైను వచ్చింది: "ఇది అవతలి పార్టీ వాళ్ళకి కూడా ఉంటుందా?"

ఉంటుంది బాబాయ్ అన్నాను. అయితే ఇంకొంచెం వివరంగా పంపమన్నాడు.