భూమి అమ్మకాల రాబడిని నమ్ముకొని పంచాయతీ ప్రణాళిక వేయవచ్చునా?

వార్డు సభ్యుడు, కోనసీమ:
మా ఊళ్లో కొబ్బరితోటలు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. రిజిస్ట్రేషన్ సమయంలో కట్టే 1.5 శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థలకు చెందేది కాబట్టి, 20 లక్షల స్థలం చేతులు మారితే లెక్క ప్రకారం 30 వేలు. ఇప్పుడు మాకు ఇంటి పన్ను కంటే ఇదే పెద్ద ఆదాయం. దీనితో సిమెంటు రోడ్లు వేద్దామని సభ్యుల్లో ఎక్కువమంది పట్టుబడుతున్నారు. ఊరి చివర మురుగు కోడు (పొలాల నీరు బయటికి పోయే కాలువ) మాత్రం గుర్రపుడెక్కతో పూడిపోయి, నిరుడు అక్టోబరు వానలకు పొట్ట మీదున్న వరి నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఈ రాబడి మీద అయిదేళ్ల ప్రణాళిక వేయవచ్చునా?

విశ్రాంత పంచాయతీ కార్యదర్శి:
వేయకండి. సుంకం అమ్మినప్పుడు ఒక్కసారే వస్తుంది. ఆ స్థలానికి దీపం, కుళాయి, చెత్త బండి ఏటా కావాలి. నేను పనిచేసిన ఒక ఊళ్లో అమ్మకాలు జోరుగా ఉన్న ఏడాది పారిశుద్ధ్య కార్మికులను అదనంగా పెట్టుకొని, మరుసటి ఏడాది మూడు నెలలు జీతాలివ్వలేకపోయాం. వాళ్ల ముఖం చూడలేక ఆఫీసుకు వెళ్లడమే కష్టమైంది. జీతాలు, కరెంటు బిల్లులు ఇంటి పన్నులోనే సరిపెట్టుకోండి. కొత్త ఇల్లు లేవగానే పన్ను వేయించండి.

రైతు, రావులపాలెం వైపు:
ఈ డెల్టాకు ఆనకట్ట రావడంలోనూ శిస్తు లెక్కలున్నాయి. కరువులతో రాజమండ్రి జిల్లా శిస్తు పడిపోగా బ్రిటిష్ అధికారి హెన్రీ మాంట్‌గోమరీ విచారణ జరిపి 1844లో నివేదిక ఇచ్చారు. 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలై 1852లో పూర్తయింది. శిస్తు ఏటా రావాలంటే పంట ఏటా పండాలి, పంట పండాలంటే కాలువ బాగుండాలి కనుక, వసూలు చేసేవారికే కాలువ అవసరం ఉండేది. అమ్మకపు సుంకానికి ఆ ముడి లేదు. పొలం మునిగి రైతు విసిగి అమ్ముకున్నా సుంకం వస్తుంది! 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల గురించీ మొరపెట్టుకున్నారు. మీ కోడును ముందు చూడండి.

వార్డు సభ్యుడు:
ఈ ఉదయం వెళ్లి చూశాను. లేఅవుట్ దారి కోసం కోడుకు అడ్డంగా వేసిన తూము రెండడుగులే ఉంది. ఎగువన కోడు వెడల్పు పన్నెండడుగులు. వేసవిలో కాలువలు కట్టేసేలోగా తూము మార్పు, పూడికతీత గ్రామసభ తీర్మానంలో పెట్టిస్తాను. పెద్ద డ్రెయిన్లో కలిసే చోట పని మా చేతిలో లేదు కనుక, దానికి డ్రైనేజీ శాఖకు విడిగా అర్జీ రాస్తున్నాము.