పునాది తవ్వుతుంటే బయటపడ్డ పైసలు, ఇనుప గుండు: ఏంటివో ఎవరికన్న తెలుసా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. హైదరాబాద్ కార్వాన్‌ల మా తాతోళ్ల పాత ఇల్లు కూలగొట్టి పిల్లర్ల గుంతలు తవ్విపిస్తున్నం, నిన్న ఒక గుంతల ఈ సామాన్లు బయటపడ్డయ్. ఒకటి తెల్ల బిళ్ల, చార్మినార్ బొమ్మ ఉంది. ఇంకో నాలుగు మందంగా రాగి గడ్డల్లెక్క, పచ్చగా అయినయ్, ఉర్దూ అక్షరాలున్నయ్. ఒక ఇనుప గుండు గూడ. అమ్మేమో చింతపండుతోని తోముతా అంటుంది. పక్క గల్లీ అతను వచ్చి రాగివి రైస్ పుల్లింగ్ పైసలు, కోట్లు వస్తయ్ అన్నడు. తమ్ముడు మెటల్ డిటెక్టర్ కిరాయికి తెచ్చి గోల్కొండ దిక్కు గూడ చూద్దాం అంటున్నడు. ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి.

జవాబు:
అన్నా ముందుగాల అమ్మను ఆపు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి ఏది పెట్టినా పైపొర పోతది, దాంతోని అక్షరాలు గూడ పోతయ్, మళ్ల ఎవరూ గుర్తుపట్టలేరు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌ల నానబెట్టి పుల్లతోని మెల్లగ తియ్యి, బ్రష్‌తోని రుద్దకు. ముదురు పచ్చ గట్టిగ ఉంటే భయంలేదు, లేత పచ్చ పొడి రాలుతుంటె మాత్రం రాగి లోపల్నుంచి తింటున్నట్టే, వాటిని పొడిగ విడిగ పెట్టు.

తెల్లది హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు సొంత వెండి రూపాయే అనుకుంటున్న. చార్మినార్ బొమ్మతోని రూపాయలు 1903 నుంచి వచ్చినయ్. నడుమ కమాను కింద చిన్న ఉర్దూ అక్షరం ఉంటది, చూడు. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఐన్ అంటే 3 అంకెను అద్దంల చూసినట్టుంటది. బంగారం దుకాణంల తూకం పెట్టించు, అసలుదైతే 11.18 గ్రాముల దగ్గర ఉండాలె, అరిగితే కొంచెం తక్కువ. కొన్ని ఆసఫ్‌జాహీ (నిజాం వంశం) నాణేల మీద 92 అని ఉంటది, అది సంవత్సరం కాదు, ముహమ్మద్ అనే పేరుల ఒక్కో అక్షరానికి ఒక అంకె చొప్పున కలిపిన లెక్క.

ఇంకొకరి జవాబు:
రైస్ పుల్లింగ్ మొత్తం మోసం భయ్యా, బియ్యం గింజల్ని లాగే లోహం ఏదీ లేదు, టెస్టింగ్ ఫీజు అని పైసలు తీస్కొని మాయమైతరు. ఆ మనిషికి ఫోటో గూడ ఇయ్యకు.

గుండు సంగతి జాగ్రత్త. సుత్తెతోని కొట్టొద్దు, కొయ్యొద్దు, వేడి చెయ్యొద్దు. దానికి రంధ్రం, బిరడా లాంటిదేదన్న కనిపిస్తే లోపల పేలుడు మందు ఉండొచ్చు, దూరం జరిగి 100కు ఫోన్ చెయ్. తమ్మునికి గూడ గట్టిగ చెప్పు, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) రక్షిత కట్టడం, లైసెన్స్ లేకుండ తవ్వితే పురాతన కట్టడాల 1958 చట్టం కింద నేరమైతది.

మళ్లీ అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. గుండుకు రంధ్రం లేదు, ఉన్నకాడనే ముట్టకుండ వదిలేసినం. రూపాయి 11.1 గ్రాములొచ్చింది, కమాను కింద అద్దంల 3 లెక్కనే ఉంది, పక్కింటి చాచా చదివి 1337 అన్నడు. రాగివాట్ల ఒకదాని మీద ‘ఖతమ్’ అనేది మాత్రం తెలుస్తుంది అంటున్నడు.

జవాబు:
1337 హిజ్రీ (ముస్లిం క్యాలెండర్ సంవత్సరం) అంటే 1918-19, ఉస్మాన్ అలీఖాన్ కాలమే. హిజ్రీని 0.97తోని గుణించి 622 కలిపితే దగ్గర దగ్గర సరిపోతది. రాగిది ఇంకా మంచిగుంది! గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా రాగి పైసల మీద ‘ఖతమ్ బిల్ ఖైర్ వ సఆదత్’ అని ఉంటది, మేలుతోని ముగిసింది అని అర్థం, వాటి మీద 1068 కనిపిస్తది, అంటే 1657-58. ఏటవాలు వెలుతురుల రెండు దిక్కులా ఫోటో తియ్యి, స్కేల్ పక్కన పెట్టి, అప్పుడు చదవొచ్చు.

రెండు కాలాలవి ఒకే గుంతల దొరికినయ్ గాబట్టి ఏది ఎంత లోతుల, ఏ మూలన వచ్చిందో ఇప్పుడే రాసిపెట్టు, తర్వాత యాదికుండదు. మన సొంత జాగల దొరికినా కలెక్టర్‌కి చెప్పాలె, రేపే ఎమ్మార్వో ఆఫీసుల ఫోటోలతోని కాయితం ఇచ్చి రసీదు తీస్కో. అది అయ్యేదాక ఎవరికీ అమ్మకు, ఆ గుంతల కాంక్రీట్ గూడ పొయ్యకు.