తల్లికుక్కను చూపించని బ్రీడర్‌ని నమ్మొచ్చా? (షిట్జూ పిల్ల కోసం)

గోదారిగట్టు:
రాజమండ్రిలో అపార్ట్‌మెంటు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. షిట్జూ తీసుకుందామనుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఒకాయన కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వంశం కాగితం ఇస్తారట గానీ, కుక్కల్ని పెంచే కెన్నెల్‌లోకి రానివ్వరు, తల్లిని వీడియోలోనే చూపిస్తారట. ఊళ్లోనే ఒకావిడ ఇంట్లో లిట్టర్ (ఒకే ఈత పిల్లలు) ఉంది. తల్లిని ఒళ్లో పెట్టుకుని మరీ చూపించారు, కాగితాలేమీ లేవు. ఎవరి దగ్గర తీసుకోమంటారు?

సర్కారుతుమ్మ:
తల్లిని చూపించనివాడి గడప తొక్కొద్దు. ఎక్కడెక్కడి లిట్టర్లో తెచ్చి సొంత కెన్నెల్ పేరుతో అమ్మే దళారీకి చూపించడానికి తల్లి ఉండదు కదా. పిల్లలకు పాలిచ్చిన తల్లి చూడగానే తెలిసిపోతుంది. చన్నులు వదులుగా వేలాడుతుంటాయి, పొట్టకింద బొచ్చు పల్చబడుతుంది, ఒళ్లు తగ్గి ఉంటుంది. బిగుతు పొట్టతో నిగనిగలాడే కుక్కను తెచ్చి ఇదే తల్లి అంటే నమ్మకండి.

కెన్నెల్ కాపరి:
అన్నా, పార్వో అని కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్ ఒకటుంది, దాని సంగతి ఆలోచించే ఈ మాటంటున్నారా? ఆదివారం ఒక్కరోజే నాలుగు కెన్నెళ్లు తిరిగి అవే చెప్పులతో మా గేటు దాటేవాళ్లుంటారు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు. ముందు మురికంతా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోయాలి. టీకాలు పూర్తికాని పిల్లలున్న చోటికి అందర్నీ ఎలా రానిస్తాం? ఇక కాగితం లేని లిట్టర్ అంటారా, తండ్రి ఎవరో ఎలా తెలుస్తుంది? కేసీఐ కాగితంలో తాతముత్తాతల పేర్లుంటాయి. తల్లివైపూ తండ్రివైపూ ఒకే పేరు కనబడితే దగ్గర రక్తంలో క్రాసింగ్ చేశారని అర్థం.

బొచ్చుకుక్క:
అసలు కొనడమెందుకండీ, దత్తత తీసుకోవచ్చుగా.

సర్కారుతుమ్మ:
పిల్లల గదిలోకి రానివ్వమని ఎవరన్నారు? తల్లిని గేటు దాకా తీసుకురండి. అదీ కుదరదంటే వీడియోలోనే స్కానర్‌ని తల్లి మెడ దగ్గర పెట్టి, చర్మం కింది మైక్రోచిప్‌లోని 15 అంకెలూ చూపించండి. కాగితం మీది నంబరుతో సరిపోవాలి. అది కూడా చేయనివాడు పార్వో పేరు చెప్పి తప్పించుకుంటున్నట్టే.

తెల్లకోటు:
పశువైద్యం చేసేవాణ్ణిగా చెబుతున్నా, మీరిద్దరూ తల్లి దగ్గరా కాగితం దగ్గరా ఆగిపోయారు. కేసీఐ కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదు. చిన్నజాతి కుక్కల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం తరచూ చూస్తాం. తల్లిదండ్రుల మోకాళ్లు డాక్టరు చేత్తో పరీక్షించి గ్రేడు రాసిచ్చారా అని అడగండి. గ్రేడ్లు 1 నుంచి 4 దాకా ఉంటాయి, జారుడున్న కుక్కలతో అసలు క్రాసింగ్ చేయకూడదు.

పిల్లలో ముందు ముక్కు చూడండి. ఊపిరి పీల్చినప్పుడల్లా రంధ్రాలు మూసుకుపోతుంటే మన ఎండాకాలంలో దానికి నరకమే. కింది పళ్లు కాస్త ముందుకుండటం షిట్జూకి సహజం, దానికి కంగారు పడొద్దు. బొడ్డు దగ్గర ఉబ్బు ఉందేమో వేలితో తడమండి. పాలపళ్లు మొత్తం 28, ఎనిమిది వారాలకు దాదాపు అన్నీ వస్తాయి. చిన్నజాతుల్లో కొంచెం ఆలస్యం కావచ్చు గానీ, కోరల వెనక చిగుళ్లు బోసిగా ఉంటే వయసు అబద్ధం చెబుతున్నారేమోనని అనుమానించాలి. మన దగ్గర 45 రోజులకే అమ్మేస్తున్నారు. 2017 నాటి కేంద్ర నియమాల ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు, బ్రీడర్‌కి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఇద్దర్నీ అడగండి.

టీకప్ షిట్జూ అని ఎక్కువ ధర చెబితే లేచి వచ్చేయండి. అలాంటి జాతి లేదు. అంత చిన్న పిల్లలకు కొన్ని గంటలు తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావొచ్చు.

సర్కారుతుమ్మ:
డాక్టరుగారూ, టీకా కార్డు మాట మరిచారు. సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఉత్త పెన్నుతో తేదీ వేసి ఉంటే టీకా వేయనట్టే లెక్క. పైగా పార్వో ఒంట్లో 14 రోజుల దాకా బయటపడకుండా ఉండొచ్చు. కాబట్టి 14 రోజుల్లో జబ్బు తేలితే ఖర్చు బ్రీడరే పెట్టుకోవాలి, అది కాగితం మీద రాసివ్వాలి. కాపరిగారూ, మీరు రాసిస్తారా?

కెన్నెల్ కాపరి:
రాసివ్వను. పిల్ల నా గేటు దాటాక ఏం చేస్తారో నాకేం తెలుసు? ఆవుపాలు పడతారు. మొదటిరోజే తలస్నానం చేయిస్తారు. నేనిచ్చిన మేత పక్కన పడేసి పెరుగన్నం పెడతారు. విరేచనాలు పట్టుకుంటే రాత్రి పదకొండింటికి నాకు ఫోను, తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో నా పేరు. కొనేవాళ్లంతా నన్ను దొంగలా చూస్తుంటే గేటేసుకోక ఏం చేయను?

సర్కారుతుమ్మ:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి! గేటు మూసింది వైరస్ కోసం కాదు, డబ్బు వెనక్కివ్వాల్సొస్తుందని.

కెన్నెల్ కాపరి:
నోరు జాగ్రత్త అన్నా. ఒక్క పార్వో కేసు వస్తే మొత్తం లిట్టరే పోతుంది. ఆ నష్టం ఎవరిస్తారు నాకు?

తెల్లకోటు:
ఇద్దరూ కాస్త ఆగండి. ఎవరి వల్ల వచ్చిందో చాలావరకు తేల్చొచ్చు. పిల్లను అప్పగించిన 48 గంటల్లోపు వేరే డాక్టరు చూడాలి, బరువు గ్రాముల్లో రాయాలి, మలంతో పార్వో ర్యాపిడ్ టెస్టు చేయించాలి. అంతకు కొద్దిరోజుల ముందే టీకా పడి ఉంటే సన్నటి గీత రావొచ్చు, దాన్ని చూసి బెదిరిపోకండి. పాలు పడక వచ్చే విరేచనంలో పిల్ల మామూలుగా ఆడుతూనే ఉంటుంది. పార్వోలో వాంతులు, తిండి మానేయడం, చాలాసార్లు నెత్తుటి విరేచనం, రక్తపరీక్షలో తెల్లకణాలు పడిపోవడం ఉంటాయి. జబ్బు ఎక్కువగా మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. ఇంకోమాట, 45 రోజులకు వేసిన ఒక్క టీకా చాలదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ దాన్ని పనిచేయనివ్వదు. మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేస్తూ, చివరిది 16 వారాలు నిండాక పడాలి. అప్పటిదాకా వీధిలో నడిపించొద్దు.

కెన్నెల్ కాపరి:
48 గంటల్లో డాక్టరుకి చూపించి, ఏడు రోజుల్లోపు టెస్టు పాజిటివ్ వస్తే వైద్యం ఖర్చు ఇస్తానని రాసిస్తా. ఏడుకి మించి రాయను.

సర్కారుతుమ్మ:
ఎనిమిదో రోజు బయటపడ్డ పిల్ల ఏ పాపం చేసింది? 14 రాయాల్సిందే.

గోదారిగట్టు:
ఇద్దరికీ ఫోన్ చేశాను. బోర్డు రిజిస్ట్రేషన్ ఎవరికీ లేదు. ఊళ్లో ఆవిడ మోకాళ్లు డాక్టరుకి చూపిస్తానన్నారు గానీ, టీకా కార్డు మీద స్టిక్కరు లేదు. హైదరాబాద్ ఆయన స్కానర్ పెట్టి చూపిస్తానన్నారు, రాసివ్వడం మాత్రం కుదరదన్నారు. రెండు లిట్టర్లకూ ఇంకా 40 రోజులే. 8 వారాలు నిండాలి కాబట్టి మరో 16 రోజుల దాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వం. ఈలోగా ఆ టీకా వేసిన డాక్టరెవరో కనుక్కుని నేరుగా అడుగుతాను.