బాబాయ్ అని పిలిచేవాళ్ళ మీదే సూపర్‌వైజర్ అయితే చనువు తగ్గించుకోవాలా?

గుంటూరు కుర్రాడు:
మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. నిన్నటిదాకా కాటా దగ్గర గుమస్తాని, ఈ సీజన్‌కి సూపర్‌వైజర్‌ని చేశారు. బస్తాలు మోసే ముఠావాళ్ళలో సగం మందిది మా నాన్న వయసు. బాబాయ్ అనే పిలుస్తా, మధ్యాహ్నం వాళ్ళ పక్కనే క్యారేజీ విప్పుతా. "ఇకనుంచి వాళ్ళతో కూర్చోకు, చనువిస్తే చంకెక్కుతారు" అన్నారు మా ఓనరుగారు. నాకు మనసొప్పట్లేదు. పని చేయించినవాళ్ళు చెప్పండి.

బెజవాడ ఆటోనగర్:
మీ ఓనరు మాటే కరెక్టు. నాది లారీ బాడీలు కట్టే షెడ్డు. నాతో టీ తాగే వెల్డరు ఆలస్యంగా వస్తే ఊరుకుని, హెల్పరు వస్తే అరిచాననుకో, మిగతావాళ్ళు చూడరా? డెలివరీ తేదీ నా నెత్తిమీద ఉంటుంది. నవ్వుతూ పలకరిస్తా, అంతవరకే.

యార్డు పాతకాపు:
తమ్ముడూ, నేనొప్పుకోను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకి రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వచ్చే రోజులుంటాయి. రాత్రి పదింటికి రెండు లారీలొచ్చి గేటు ముందు ఆగితే దింపి వెళ్ళేది నీ ముఖం చూసే. అయితే ఆ ముఖానికి విలువ క్యారేజీ వల్ల రాదు, లెక్క వల్ల వస్తుంది. వాళ్ళకి కూలీ టిక్కీ లెక్కన. సాయంత్రం పుస్తకం ముఠా మేస్త్రీ ముందు తెరువు, ఎన్ని ఎక్కాయో ఇద్దరూ కలిసి చదవండి. నలభై కిలోలకి పైబడిన టిక్కీ భుజానేసుకుని, మార్చి ఎండలో చెమటోడుతున్న ఒంటితో పది డిగ్రీల లోపున్న చాంబర్లోకి పోతారు. మళ్ళీ ఎండలోకి. భుజం పట్టేసినాయన్ని ఆ పూట చాంబర్ పని మాన్పించి బయట ఉంచే సూపర్‌వైజర్‌ని ఎవరూ చంకెక్కరు.

మిర్చి అక్క:
మీరంతా మగవాళ్ళ సంగతే మాట్లాడుతున్నారు. తొడిమలు తీసే ఆడకూలీలకి మేస్త్రీని నేను. మా దగ్గర పొద్దస్తమానం ఘాటు, దగ్గు, చేతులు భగ్గున మంట. సూపర్‌వైజర్లు ముఠావాళ్ళతో కలిసి తింటారు, మాకు మాత్రం గుమ్మంలోంచి కేకేసి పోతారు. బాబాయ్‌లకి దక్కే చనువు పిన్నిలకి ఎందుకు దక్కదు?

బెజవాడ ఆటోనగర్:
అక్క అడిగింది న్యాయమే. మరి అప్పు సంగతో? మే నెలలో యార్డుకి సెలవులిస్తారు, కూలీ పడిపోతుంది, వెనకే స్కూలు ఫీజులు. పక్కన కూర్చుని తిన్న బాబాయ్ పదివేలు అడిగితే లేదనగలడా ఈ కుర్రాడు?

యార్డు పాతకాపు:
సొంత జేబులోంచి ఇవ్వొద్దు. ఇచ్చేదేదైనా సంస్థ నుంచి, అందరికీ ఒకే పద్ధతిలో, కాగితం మీద ఉండాలి. ఇంకోమాట. బాకీ తీరేదాకా వేరేచోట పనికి పోవద్దని కట్టేస్తే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. ప్రేమగా చెప్పినా నేరమే.

బెజవాడ ఆటోనగర్:
అప్పు విషయం ఒప్పుకుంటా. కలిసి కూర్చోవడం మీద మాత్రం నా మాట మారదు. రేపు వాళ్ళలో ఒకరిని పనిలోంచి తీసేయాల్సి వస్తే తెలుస్తుంది.

గుంటూరు కుర్రాడు:
మేస్త్రీ ముందు పుస్తకం తెరవడం సోమవారం నుంచే మొదలెడతా. అక్కా, ఆడవాళ్ళకి ఏం కావాలో మేస్త్రీని అడగాలా, నేరుగా వాళ్ళనేనా?

మిర్చి అక్క:
నేరుగా వాళ్ళనే అడుగు తమ్ముడూ, మేస్త్రీ పక్కన లేనప్పుడు. నా ఎదురుగా అడిగితే నాకు నచ్చేదే చెప్తారు.