తమ్ముడి చేతి మీద రన్‌వే టాటూ: ఉద్యోగానికి అడ్డమవుతుందా?

అందరికీ నమస్కారం. మాది సికింద్రాబాద్. మా తమ్ముడు కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం చదువుతున్నాడు. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజు గుర్తుగా టాటూ వేయించుకుంటానని పట్టు పట్టాడు.

డిజైన్ కూడా సిద్ధం. బేగంపేట విమానాశ్రయం కోడ్ వీఓహెచ్‌వై, దాని కింద రన్‌వే నంబర్లు 09, 27. 09 అంటే దిక్సూచిలో సుమారు 90 డిగ్రీలు, అంటే తూర్పు ముఖం. ఇది విన్న నాన్న, టాటూ అంటేనే మండిపడే మనిషి, "వాస్తు మాత్రం బాగుందిరా" అన్నారు! నానమ్మ తన చేతి పచ్చబొట్టు చూపించి వాడికే ఓటేసింది.

నా టెన్షన్ వేరు. వాడికి ఎయిర్‌ఫోర్స్ మీద కూడా ఆశ ఉంది. అక్కడ మోచేయి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, లేదంటే అరచేతి వెనక వైపు మాత్రమే శాశ్వత టాటూకి అనుమతి. వీడేమో భుజం కిందే కావాలంటాడు. ముంజేతి లోపలికి మార్పిస్తే సరిపోతుందా? కానీ అలా వేస్తే హాఫ్ హ్యాండ్స్ యూనిఫాంలో ఎయిర్‌లైన్స్ వాళ్లకి కనిపిస్తుంది కదా.

టాటూ ఉన్న పైలట్లు, క్యాబిన్ సిబ్బంది ఎవరైనా ఉంటే చెప్పండి: ఇంటర్వ్యూలో అడిగారా? డ్యూటీలో కప్పుకోమన్నారా? అమీర్‌పేట, మాదాపూర్ వైపు ప్రతిసారీ కొత్త సూది వాడే మంచి చోటు తెలిసినా చెప్పండి. వచ్చే ఆదివారమే వెళ్తానంటున్నాడు.